స్కై దీవిలో మాకు ఒక్క రోజు, మా ఆయన మ్యాప్‌లో 16 పిన్నులు: ఏవి ఉంచాలి, ఏవి పీకాలి?

నెల్లూరు_కోడలు:

అందరికీ నమస్తే అండీ. మేం లీడ్స్‌లో ఉంటాం. జూన్ రెండో వారంలో నేనూ మా ఆయనా స్కాట్లాండ్ వెళ్తున్నాం. ఎడింబరో, ఇన్వర్నెస్ చూసుకుని స్కై దీవికి పోతాం. అక్కడ పోర్ట్‌రీ ఊళ్ళో రెండు రాత్రులకి రూము దొరికింది (రేటు మాత్రం అడక్కండి). మొదటి రోజు చేరేసరికి సాయంత్రం, మూడో రోజు పొద్దున్నే బయల్దేరాలి. పూర్తిగా మా చేతిలో ఉండేది మధ్యలో ఒక్క రోజు.

మా ఆయన వీడియోలు చూసి చూసి మ్యాప్‌లో 16 పిన్నులు గుచ్చారు. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే రాతి స్తంభం, క్విరాంగ్ కొండ, ఫెయిరీ పూల్స్ నీటి మడుగులు, ఫెయిరీ గ్లెన్, నీస్ట్ పాయింట్ లైట్‌హౌస్, డన్‌వెగన్ కోట, కోరల్ బీచ్, టాలిస్కర్ డిస్టిలరీ, ఎల్గోల్... ఇంకా ఉన్నాయి, నాకే గుర్తులేవు. "దీవే కదా, అన్నీ పక్కపక్కనే ఉన్నాయి చూడు" అంటారు. నాకేమో ఎక్కడో ఒకచోట కాసేపు కుదురుగా కూర్చుని సముద్రం చూడాలని ఉంది. ఇంట్లో రోజూ రాత్రి అన్నం తినేటప్పుడు ఇదే పంచాయితీ.

మా సంగతులు: నాకు కుడి మోకాలు కాస్త ఇబ్బంది. ఎక్కడం పర్లేదు, దిగేటప్పుడే నొప్పి. ఇద్దరం వెజ్. అద్దె కారు ఆటోమేటిక్, నడిపేది ఆయనొక్కరే. ఇప్పటిదాకా మోటార్‌వేలు తప్ప ఇరుకు రోడ్ల అలవాటు లేదు. సింగిల్ ట్రాక్ రోడ్లంటే ఆయనకేం లేదు గానీ పక్కన కూర్చునే నాకు టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా తీర్పు చెప్పండి, చూపించేస్తాను.


హన్మకొండ_కుర్రోడు:

అక్కా, జూన్‌లో అయితే భయమే లేదు. పొద్దున నాలుగున్నరకే తెల్లారుతుంది, రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది. మేం ఫ్రెండ్స్ అందరం ఐదింటికి స్టోర్‌తో మొదలుపెట్టి క్విరాంగ్, డన్‌వెగన్, నీస్ట్ పాయింట్, సాయంత్రం ఫెయిరీ పూల్స్ అన్నీ ఒక్క రోజులో కొట్టేశాం. ఇద్దరం మార్చుకుంటూ డ్రైవ్ చేశాం. బావ లిస్టులో సగం పైనే అయిపోతాయి. నిద్ర లీడ్స్‌కి వెళ్ళాక పోండి. స్కైకి మళ్ళీ ఎప్పుడు వస్తారో ఎవరికి తెలుసు?


కాతేరు_అమ్మాయి:

నెల్లూరు కోడలు గారూ, తీర్పు ముందే చెప్పేస్తాను: 16లో ఓ పది పీకేయండి. మిగిలినవి కూడా దీవికి ఒకే పక్కన ఉండాలి. వివరంగా రాస్తాను, టీ పెట్టుకుని చదవండి.

మేం ఇన్వర్నెస్‌లో ఉంటాం. ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా మొదట అడిగేది స్కై గురించే. తిప్పి తిప్పి మావారు ఇప్పుడు దాన్ని టూర్ అనడం మానేసి డ్యూటీ అంటున్నారు.

మ్యాప్‌లో అన్నీ పక్కపక్కనే కనిపించడం నిజమే. కానీ స్కై గుండ్రంగా ఉండే దీవి కాదు. పొడవు దాదాపు 80 కిలోమీటర్లు, చుట్టూ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొనలు. ఒక కొన మీంచి చూస్తే పక్క కొన ఇదిగో అన్నట్టు ఉంటుంది, మధ్యలో మాత్రం సముద్రం. కారులో పోవాలంటే మళ్ళీ నడుమ దాకా వెనక్కొచ్చి అటు తిరగాలి. పోర్ట్‌రీ నుంచి నీస్ట్ పాయింట్ సుమారు 50 కిలోమీటర్లే, కానీ గంటకి పైనే పడుతుంది. చివరి భాగమంతా ఒక్క కారు పట్టే దారి. తిరిగి రావడానికీ అంతే. అక్కడ లైట్‌హౌస్ (1909లో కట్టింది) దగ్గరికి బాగా నిటారుగా ఉన్న మెట్లు దిగి వెళ్ళాలి, మీ మోకాలికి సరిగ్గా పడనిది అదే. ఫెయిరీ పూల్స్ దక్షిణాన, కూలిన్ కొండల కింద. డన్‌వెగన్ పడమరన. ఎల్గోల్ ఇంకో మూల. ఇవన్నీ కలిపితే మీవారికి స్టీరింగూ మీకు కిటికీ అద్దమూ తప్ప ఏమీ మిగలదు. హన్మకొండ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, వాళ్ళు ఇద్దరు డ్రైవర్లు, అందరూ కుర్రాళ్ళు. మీకున్నది ఒక్క డ్రైవరు.

నేనైతే ట్రాటర్‌నిష్ ఒక్కటే పెట్టుకోమంటాను. పోర్ట్‌రీకి ఉత్తరాన ఉన్న కొన అది. చుట్టి వస్తే సుమారు 80 కిలోమీటర్లు, ఎక్కడా వెనక్కి తిరగక్కర్లేదు. పెట్రోలు మాత్రం ముందే పోర్ట్‌రీలో పట్టించుకోండి.

పొద్దున ఏడింటికల్లా స్టోర్ కార్‌పార్క్‌లో ఉండండి, పోర్ట్‌రీ నుంచి ఓ పదకొండు కిలోమీటర్లు. తొమ్మిది దాటితే కోచ్ బస్సులు దిగుతాయి, ఇక జాతరే. నడక పైకీ కిందకీ కలిపి నాలుగు కిలోమీటర్ల లోపు, ఎత్తు మాత్రం మూడొందల మీటర్లకి కాస్త తక్కువ ఎక్కాలి. బాట బాగా వేశారు, చాలా చోట్ల రాతి మెట్లు. మీకు దిగడం కష్టం కాబట్టి రెండు చేతి కర్రలు తప్పనిసరి. పోర్ట్‌రీ కొట్లలో దొరుకుతాయి, లీడ్స్‌లోనే కొనుక్కుంటే ఇంకా మంచిది. పైదాకా వెళ్ళక్కర్లేదు. సగం దూరంలోనే ఆ రాతి స్తంభం మొత్తం కనబడుతుంది. ఎత్తు 50 మీటర్ల దాకా ఉంటుంది. 1955లో డాన్ విలన్స్ అనే పర్వతారోహకుడు ఎక్కేదాకా దాని నెత్తి మీద మనిషి అడుగు పడలేదు.

ఆ స్తంభం ఎలా వచ్చిందో తెలిస్తే ఆ రోజంతా చూసేది ఇంకో రకంగా కనిపిస్తుంది. అందుకే మా చుట్టాలకి దారిలోనే ఈ పాఠం చెప్పేస్తాను, వద్దన్నా వినరు కదా అని మావారు నవ్వుతారు. కింద జురాసిక్ కాలం నాటి మెత్తటి రాళ్ళ పొరలు. వాటి మీద సుమారు ఆరు కోట్ల ఏళ్ళ కిందట లావా పొరలు పొరలుగా పారి గట్టి బసాల్టు అయింది. పై బరువు మోయలేక కింది రాయి కుంగింది, కొండ అంచు ముక్కలు ముక్కలుగా సముద్రం వైపు జారింది. అలా జారిన ముక్కల్లో నిలబడిపోయినవే స్టోర్, క్విరాంగ్ దగ్గరి శిఖరాలు. ఈ కొండవరస పొడవు 30 కిలోమీటర్లు, దాని పొడవునా ఇదే కథ. బ్రిటన్‌లో ఇంత పెద్ద కొండ జారుడు ఇంకోటి లేదు. క్విరాంగ్ వైపు అది ఇంకా ఆగలేదు, ఫ్లోడిగారీ దగ్గర రోడ్డుకి ఏటా మరమ్మతు చేస్తూనే ఉంటారు. (మా కాతేరులోనూ, గోదారికి అవతల పంగిడి క్వారీల్లోనూ కొట్టే నల్లరాయి కూడా లావాయే. వయసులో దీనికంటే కాస్త పెద్దది. చిన్నప్పుడు ఇంటి ముందు పోసిన కంకర మీద ఆడుకున్నదాన్ని, ఇక్కడ అదే జాతి రాయి చూడ్డానికి పార్కింగ్ డబ్బులు కడుతున్నాను.)

స్టోర్ నుంచి ఉత్తరంగా వెళ్తే ముందు లీల్ట్ జలపాతం, తర్వాత కిల్ట్ రాక్. లీల్ట్ దగ్గర పది నిమిషాలు చాలు. కిల్ట్ రాక్ దగ్గర నడక అసలు లేదు, కారు దిగి కంచె దాకా వెళ్ళడమే. మీల్ట్ అనే చెరువు నీళ్ళు కొండ అంచు మీంచి తిన్నగా సముద్రంలో పడతాయి, 50 మీటర్లకి పైనే. దాని వెనక కనిపించే రాతి గోడ పైభాగమంతా నిలువు స్తంభాలు. ఇక్కడి మగవాళ్ళు లంగాలా కట్టే కిల్టు మడతల్లా ఉందని ఆ పేరు పెట్టారు. నా కంటికి మాత్రం గంజి పెట్టి ఇస్త్రీ చేసిన వెంకటగిరి చీర కుచ్చిళ్ళే.

మీరు కూర్చోవాలన్న చోటు ఇక్కడికి దగ్గర్లోనే ఉంది. స్టాఫిన్ ఊరి దగ్గర కుడివైపు ఆన్ కొరన్ బీచ్‌కి చిన్న దారి దిగుతుంది. అక్కడ రాతి పలక మీద డైనోసార్ అడుగుజాడలు ఉన్నాయి. 16 కోట్ల ఏళ్ళు పైబడినవి, 2002లో బయటపడ్డాయి. పోటు సమయంలో నీళ్ళ కింద ఉంటాయి కాబట్టి స్టాఫిన్ ఆటుపోట్ల టైమ్ చూసుకుని ఆటుకి వెళ్ళండి. ఎండాకాలంలో ఇసుక మేట వేసి ఆటు సమయంలో కూడా కనబడకపోవచ్చు. అయినా అక్కడికే వెళ్ళమంటున్నాను, ఎందుకంటే అక్కడ కోచ్ బస్సులు ఆగవు. వెనక క్విరాంగ్ కొండ, ముందు సముద్రం. భోజనం అక్కడే పెట్టుకోండి. రూములో వీలైతే పొద్దున్నే పులిహోర కలిపేసుకోండి, మధ్యలో ఎక్కడా వెజ్ భోజనం గ్యారంటీ లేదు. పోర్ట్‌రీలో పెద్ద కో-ఆప్ కొట్టు ఉంది, పెరుగూ బ్రెడ్డూ పళ్ళూ అన్నీ దొరుకుతాయి. రాత్రికి వెజ్ హ్యాగిస్ (ఇక్కడి హ్యాగిస్ వంటకంలో మాంసం లేని రకం) దొరికితే తినండి. పప్పులూ ఓట్సూ మిరియాలూ వేసి చేస్తారు, మనకి బాగానే నచ్చుతుంది.

తర్వాత క్విరాంగ్. దీని సుఖమేంటంటే కార్‌పార్కే కొండ మీద ఉంటుంది. మెలికల రోడ్డు ఎక్కే కష్టం కారుది. బాట కొండ వాలు మీద అడ్డంగా పోతుంది, సన్నగా ఉంటుంది, కుడి పక్క ఏమీ ఉండదు. మొత్తం చుట్టు ఆరేడు కిలోమీటర్లు, అది మీకొద్దు. ఇరవై నిమిషాలు నడిచి, చూసినంత చూసి అదే దారిన వెనక్కి రండి, వీడియోల్లో చూపించేదంతా అక్కడి నుంచే కనబడుతుంది. మీవారు ఇంకా ముందుకెళ్తానంటే వెళ్ళనివ్వండి, మీరు ఓ రాయి చూసుకుని కూర్చోండి.

అక్కడి నుంచి మళ్ళీ తీరం రోడ్డుకి దిగి ఉత్తరపు అంచు చుట్టి కిల్‌మ్యూర్ వెళ్ళండి. గడ్డి కప్పు ఇళ్ళతో చిన్న మ్యూజియం ఉంది, నూరేళ్ళ కిందట ఈ దీవి మనుషులు ఎలా బతికారో అచ్చం అలాగే పెట్టారు. నా దృష్టిలో ఫెయిరీ గ్లెన్ కంటే ఇది వంద రెట్లు నయం. దాని పైన శ్మశానంలో ఫ్లోరా మెక్‌డొనాల్డ్ సమాధి. 1746లో సింహాసనం కోసం చేసిన తిరుగుబాటులో ఓడిపోయి పారిపోతున్న యువరాజు చార్లెస్ ఎడ్వర్డ్ స్టువర్ట్‌కి ఆడవేషం వేయించి, బెట్టీ బర్క్ అనే ఐరిష్ పనిమనిషి అని చెప్పి పడవలో స్కైకి దాటించింది ఆవిడే. ఫ్యాషన్ డిజైనర్ అలెగ్జాండర్ మెక్వీన్ సమాధి కూడా అక్కడే ఉంది. ఆదివారం పడితే మాత్రం ముందే కనుక్కోండి. స్కైలో పాతకాలపు చర్చి పట్టు ఇంకా ఉంది, ఆదివారాలు చాలా మూతపడతాయి.

సింగిల్ ట్రాక్ గురించి రెండే మాటలు. పాసింగ్ ప్లేస్ అని బోర్డు ఉన్న చోట రోడ్డు కాస్త ఉబ్బి ఉంటుంది. అది మీ ఎడమ పక్క ఉంటే అందులోకి వెళ్ళి ఆగండి. కుడి పక్క ఉంటే మీరు రోడ్డు మీదే దాని ఎదురుగా ఆగండి, ఎదుటివాడు అందులోకి వెళ్తాడు. వెనక ఎవరైనా తొందరలో ఉంటే వాళ్ళకీ అలాగే దారి ఇవ్వాలి. ఫోటోల కోసం అందులో కారు పెట్టడం మాత్రం మహాపాపం, ఇక్కడివాళ్ళకి మండిపోయేది దానికే. గొర్రెలు రోడ్డు మీద పడుకుని ఉంటాయి, హారన్ కొట్టినా లేవవు.

టాలిస్కర్ లిస్టులోంచి తీసేయమంటాను. 1830 నాటి డిస్టిలరీ, బాగుంటుంది, కానీ కార్బొస్ట్ మీ దారిలో లేదు. పైగా ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ పరిమితి 80 మిల్లీగ్రాములైతే స్కాట్లాండ్‌లో 2014 నుంచి 50యే. నడిపేది ఆయనొక్కరే అన్నారుగా.

మిడ్జ్‌ల మందు తీసుకెళ్ళండి. దోమ కంటే చాలా చిన్న పురుగులవి, గుంపుగా వస్తాయి. గాలి ఉంటే రావు. గాలి ఆగి మబ్బుగా ఉన్న సాయంత్రం నీటి పక్కన నిలబడ్డారా, అంతే సంగతులు. ముఖానికి వల టోపీ కూడా దొరుకుతుంది. అందం సంగతి తర్వాత చూసుకోవచ్చు.


హన్మకొండ_కుర్రోడు:

కాతేరు అక్కా, అన్నీ ఒప్పుకుంటా గానీ ఫెయిరీ పూల్స్ పీకేయడం అన్యాయం. ఆ నీళ్ళ రంగు ఇంకెక్కడా చూడలేదు నేను. సాయంత్రం ఆరు తర్వాత పార్కింగ్ కూడా ఖాళీ అవుతుంది.


కాతేరు_అమ్మాయి:

రంగు నిజమే తమ్ముడూ, ఎండ పడితేనే. మబ్బు రోజు అది మామూలు కొండవాగు. అయినా మోకాలు నొప్పితో స్టోర్ దిగి వచ్చిన మనిషిని అదే రోజు ఇంకో రెండున్నర కిలోమీటర్లు రాళ్ళ బాటలో నడిపిస్తావా? అటువైపు ఏదైనా చూడాలంటే స్లిగాహన్ పాత వంతెన చాలు. పోర్ట్‌రీ నుంచి పావుగంట, పెద్ద రోడ్డు, కూలిన్ కొండలు ఎదురుగా.


గ్లాస్గో_స్టూడెంట్:

కారు లేనివాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నా. గ్లాస్గో నుంచి పోర్ట్‌రీకి నేరుగా బస్సు ఉంది, కానీ ఆరేడు గంటలు. ఇన్వర్నెస్ నుంచి కైల్ ఆఫ్ లోకాల్ష్ దాకా రైలు చాలా బాగుంటుంది, అక్కడి నుంచి స్కై బ్రిడ్జి మీదుగా బస్సు. ట్రాటర్‌నిష్ చుట్టూ కూడా పోర్ట్‌రీ నుంచి బస్సు తిరుగుతుంది. రోజుకి కొన్నే సర్వీసులు, ఒకటి తప్పితే స్టోర్ దగ్గర గొర్రెలతో కబుర్లు చెప్పుకోవడమే.


నెల్లూరు_కోడలు:

వెళ్ళొచ్చాం అండీ! కాతేరు అమ్మాయి గారూ, మీ పోస్టు మా ఆయనకి గట్టిగా చదివి వినిపించాను. పదహారు ఏడయ్యాయి. ఆ ఏడుకే సాయంత్రానికి కారు సీటు వెనక్కి వాల్చేశారు.

స్టోర్‌కి ఏడుంబావుకి చేరాం. మంచు. స్తంభం సంగతి అటుంచి ముందు నడిచే మనిషి నీలం జాకెట్ తప్ప ఏమీ కనబడలేదు. కర్రలతో మెల్లగా ఎక్కాం, మా ఆయన అప్పటికే "ముందే నీస్ట్ పాయింట్ వెళ్ళి ఉంటే" అని మొదలెట్టారు. సగం పైన ఓ గేటు దాటాక రాయి మీద కూర్చున్నాం. ఫ్లాస్కులో టీ పోస్తుంటే పక్కనున్న జర్మన్ ఆవిడ చెయ్యి చాపి పైకి చూపించింది. మబ్బు చిరిగి నల్లటి రాయి పైసగం ఒక్కటే గాల్లో ఉంది, కింద ఏమీ లేదు. నేను ఇంకెక్కడో దూరంగా ఉంటుందనుకున్నాను, నెత్తి మీదే ఉంది. టీ చల్లారేలోపు మళ్ళీ మూసుకుపోయింది. మా ఆయన తీసిన ఫోటోల్లో అన్నీ తెల్లగా ఉన్నాయి, ఒక్కదాంట్లో మాత్రం జర్మన్ ఆవిడ చెయ్యి బాగా వచ్చింది.

కిల్ట్ రాక్ దగ్గర మీరు చెప్పని సంగతి ఒకటుంది. కారు దిగగానే సన్నగా ఏదో ఊదుతున్న చప్పుడు. ఎవరో బ్యాగ్‌పైప్ వాయిస్తున్నారనుకుని మా ఆయన చుట్టూ వెతికారు, చిల్లర కూడా తీసి పట్టుకున్నారు. తీరా చూస్తే కంచెకి వేసిన ఇనుప గొట్టాలు! వాటి చిల్లుల్లోంచి గాలి దూరి పాడుతోంది. గాలి ఎక్కువైతే స్వరం పైకి పోతోంది, తగ్గితే కిందకి. ఓ చిల్లు మీద వేలు పెట్టి చూశాను, పక్క గొట్టం అందుకుంది. జలపాతం కంటే నాకు అదే గుర్తుండిపోయింది. నిజం చెప్పాలంటే జలపాతం సగం నీళ్ళు కింద పడకుండా గాలికి మా మొహాల మీదకే వచ్చాయి.

ఆన్ కొరన్‌లో అడుగుజాడలు దొరకలేదు, మీరు అన్నట్టే ఇసుక కప్పేసింది. మా ఆయన చెప్పు కాలితో అక్కడక్కడా గీకి చూసి వదిలేశారు. అక్కడే ఓ పెద్ద బండకి ఆనుకుని పులిహోర తిన్నాం. ఎంతసేపు కూర్చున్నామో చూసుకోలేదు. ఆయన జాకెట్ మొహం మీద వేసుకుని నిద్రపోయారు. నీళ్ళు వెనక్కి పోయేకొద్దీ ఒక్కో రాయి బయటికొస్తోంది, దాని మీదకి ఓ పక్షి వస్తోంది, నల్ల రెక్కలు, ఎర్ర ముక్కు. మనకి కావాల్సింది ఇదే కదా అని లేపి చెబుదామనుకున్నాను, గురక పెడుతుంటే ఊరుకున్నాను.

క్విరాంగ్‌లో నేను ఇరవై నిమిషాలు కూడా నడవలేదు. కుడి పక్కన ఏమీ ఉండదు అని మీరు రాసింది చదివినప్పుడు మామూలుగానే అనిపించింది, నిలబడితే గానీ తెలియలేదు. ఆయన ముందుకెళ్ళి గంటకి వచ్చారు, మొహం చేటంత చేసుకుని. సింగిల్ ట్రాక్ ఒక్కసారే ఇబ్బంది పెట్టింది. ఎదురుగా పెద్ద క్యాంపర్ వ్యాన్, మా వెనక ఇంకో రెండు కార్లు. అందరూ ఒకరి తర్వాత ఒకరు వెనక్కి పోయారు, ఎవరూ హారన్ కొట్టలేదు, వెళ్తూ చెయ్యెత్తి థాంక్స్ చెప్పారు. సాయంత్రానికి ఆయన కూడా కనబడిన ప్రతి కారుకీ చెయ్యి ఊపడం మొదలుపెట్టారు, పెద్ద రోడ్డు మీద కూడా.

కిల్‌మ్యూర్ మ్యూజియం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బయట నుంచి చూస్తే గడ్డి కప్పు మీద తాళ్ళు వేసి, తాళ్ళ చివర్న రాళ్ళు కట్టి వేలాడదీశారు, గాలికి కప్పు లేచిపోకుండా. లోపల గోడ ఎంత మందం అంటే కిటికీ గూట్లో నేను కాళ్ళు ముడుచుకుని కూర్చోవచ్చు. పొయ్యిలో కాల్చేది కట్టెలు కాదట, బురద నేలల్లోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టిన పీట్. నేత మగ్గం ఒకటుంది. మా అమ్మమ్మగారి ఊరు వెంకటగిరి పక్కనే, అందుకని దాని దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఇంకో గదిలో పాత కాగితాలు. 1882లో పోర్ట్‌రీ దగ్గర బ్రేస్ అనే పల్లె రైతులు తమ మేత భూమి కోసం గ్లాస్గో నుంచి వచ్చిన పోలీసులని రాళ్ళతో ఎదుర్కొన్నారనీ, ఆ గొడవల తర్వాతే 1886లో కౌలు రైతుల్ని ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టకుండా చట్టం వచ్చిందనీ తర్వాత రూములో కూర్చుని చదివాను. అంత ఖాళీ కొండలు చూసి "ఎంత ప్రశాంతంగా ఉందో" అనుకున్నాను పొద్దున. కొన్ని లోయలు అలా ఖాళీగా ఉండడానికి కారణం గొర్రెల కోసం మనుషుల్ని పంపించేయడమేనట.

రాత్రి ఎనిమిదిన్నరకి స్లిగాహన్. వంతెన కింద నీళ్ళలో ఏడు సెకన్లు మొహం ముంచితే అందం శాశ్వతంగా ఉంటుందని కథ. మా ఆయన ఆ ఒక్క పిన్నూ వదలనన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని ముంచారు, నేను లెక్కపెడుతున్నాను. నాలుగు అనేసరికి గాలి ఆగింది. మిడ్జ్‌లు చెవుల్లో, తలలో, అద్దాల లోపల. ఆయన ఏడు దాకా ఉన్నారు, బయట కంటే నీళ్ళలోనే నయమని. ఇద్దరం కారు దాకా పరిగెత్తాం, మోకాలు నొప్పి ఆ నిమిషం గుర్తే లేదు. వల టోపీలు రెండూ డిక్కీలోనే ఉన్నాయి.


హన్మకొండ_కుర్రోడు:

బావ అందం పెరిగిందా అక్కా?


నెల్లూరు_కోడలు:

నుదుటి మీద పదకొండు దద్దుర్లు పెరిగాయి తమ్ముడూ.


తెనాలి_టు_డబ్లిన్:

మేం అక్టోబరు ఆఖరులో పిల్లల సెలవులకి వెళ్దామనుకుంటున్నాం, ఆరేళ్ళ పాపతో. ఇదే ప్లాన్ పనికొస్తుందా కాతేరు అమ్మాయి గారూ?


కాతేరు_అమ్మాయి:

అదే దారి, సగం ప్లాన్. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక ఐదు లోపే పొద్దు గూకుతుంది. కాబట్టి స్టోర్, క్విరాంగ్‌లలో ఒక్కటే పెట్టుకోండి. పాపతో అయితే క్విరాంగ్ బాట వద్దు, స్టోర్ గేటు దాకా చాలు. కిల్ట్ రాక్ తప్పకుండా చూపించండి, ఆ కంచె పాట ఇన్నిసార్లు విని కూడా రాయాలని నాకు తట్టలేదు. కిల్‌మ్యూర్ మ్యూజియం ఆ రోజుల్లో మూసి ఉంటుంది. మిడ్జ్‌ల బాధ ఉండదు. తుఫాను వచ్చి వెళ్ళాక ఇసుక కొట్టుకుపోతుంది కాబట్టి ఆన్ కొరన్‌లో డైనోసార్ పాదాలు మీ పాపకి కనబడే అవకాశం జూన్ కంటే ఎక్కువ. అక్కడ నాచు పట్టిన రాళ్ళు బాగా జారతాయి, చెయ్యి వదలకండి. గాలి మరీ ఎక్కువైతే స్కై బ్రిడ్జి మీద ఎత్తు వాహనాలని ఆపేస్తారు, క్యాంపర్ వ్యాన్ తీసుకునే ఆలోచన ఉంటే మానుకుని కారే తీసుకోండి. పాపకి బూట్లు రెండు జతలు పెట్టండి, ఒకటి మొదటి గంటలోనే తడుస్తుంది.